అప్పు మనకు, గ్రాంటు వాళ్లకు: చిన్న పరిశ్రమల పరిశోధన నిధుల్లో కులం

పరిశోధన అనగానే మనకు గుర్తొచ్చేవి యూనివర్సిటీలు, సి.ఎస్.ఐ.ఆర్. ప్రయోగశాలలు, డి.ఆర్.డి.ఓ. లాంటి పెద్ద సంస్థలు. చిన్న పరిశ్రమ అనగానే గుర్తొచ్చేవి బ్యాంకు అప్పు, మార్జిన్ మనీ, ఎస్సీ కార్పొరేషన్ సబ్సిడీ. దళిత ఉద్యమం ఈ రెండింటి గురించీ మాట్లాడింది. మొదటి దాంట్లో ఉద్యోగాలు అడిగింది, రెండో దాంట్లో లోన్లు అడిగింది. ఈ రెండింటి నడుమ ప్రభుత్వ ధనం పారే మూడో కాలవ ఒకటున్నది. కొత్త యంత్రమో, కొత్త మందో, కొత్త పద్ధతో తయారుచెయ్యాలనుకునే చిన్న కంపెనీకి, ఆ సరుకు అమ్మకానికి రాకముందే, అసలు ఫలిస్తుందో లేదో తేలకముందే ప్రభుత్వం ఇచ్చే డబ్బు అది. తిరిగి కట్టనక్కర్లేదు. ఆ కాలవ ఎవరి పొలాలకు పారుతున్నదో మనం పెద్దగా పట్టించుకోలేదు.

ఈ పద్ధతికి మూలం అమెరికాలో ఉన్నది. అక్కడి నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌లో రోలండ్ టిబెట్స్ అనే అధికారి 1977లో చిన్న కంపెనీలకు పరిశోధన గ్రాంట్లు ఇచ్చే కార్యక్రమం మొదలుపెట్టాడు. 1982లో అది చట్టమైంది. రీగన్ సంతకం చేశాడు. స్మాల్ బిజినెస్ ఇన్నోవేషన్ రీసెర్చ్, క్లుప్తంగా ఎస్.బి.ఐ.ఆర్. అని దానికి పేరు. ఆ చట్టంలో మనం గమనించవలసింది డబ్బు మొత్తం కాదు, డబ్బును పక్కన పెట్టిన తీరు. బయటి సంస్థల చేత పరిశోధన చేయించటానికి ఏటా 10 కోట్ల డాలర్ల కంటే ఎక్కువ ఖర్చుపెట్టే ప్రతి కేంద్ర శాఖా అందులో ఇంత శాతం చిన్న కంపెనీలకే ఇచ్చి తీరాలి. మొదట అది 0.2 శాతం. తర్వాత 1.25 అయింది. 1992 సవరణతో 2.5 దాకా, 2011 సవరణతో 3.2 దాకా పెరిగింది. రక్షణ, ఆరోగ్యం, ఇంధనం, వ్యవసాయం, అంతరిక్షం అన్నీ కలిపి 11 శాఖలు. యూనివర్సిటీలతో కలిసి చేసే పనికి 1992లో పెట్టిన జంట పథకాన్ని కూడా కలిపితే ఇటీవలి సంవత్సరాల్లో ఏటా 400 కోట్ల డాలర్లకు పైగా ఈ దారిన పోయింది. ఇది శాశ్వత చట్టం కాదు, గడువు పెట్టి పొడిగిస్తూ వచ్చారు. అట్లా పొడిగించిన ఒక గడువు 2025 సెప్టెంబరు 30తో ముగిసింది.

ఇంతకీ ఇది ఏమిటి? శాఖల బడ్జెట్లో చట్టప్రకారం ఒక శాతం కోసి, బలం లేనివాళ్లకు పక్కన పెట్టటం. మన భాషలో చెప్పాలంటే ఇది ఉపప్రణాళిక. ఇంకా సూటిగా చెప్పాలంటే రిజర్వేషన్. పెట్టుబడిదారీ దేశాలకు పెద్దన్న అనుకునే దేశంలో, మార్కెట్టే దైవమని చెప్పిన అధ్యక్షుడి చేతుల మీదుగా వచ్చిన రిజర్వేషన్. అప్పుడు దాన్ని వ్యతిరేకించింది ఎవరో తెలుసా? పెద్ద పరిశోధనా విశ్వవిద్యాలయాలు. నాణ్యతను బట్టి పోవలసిన డబ్బును శాతాల లెక్కన పంచితే సైన్సు దెబ్బతింటుందన్నారు. మనం చుండూరు రోజుల్నించీ, మండల్ రోజుల్నించీ వింటున్న ‘ప్రతిభ’ పాటే అది. కులం లేని చోట కూడా, అనుభవిస్తున్నవాళ్ల దగ్గర్నుంచి వాటా అడిగితే ఈ పాటే వినిపిస్తుంది. చట్టం వచ్చింది. అమెరికా సైన్సు కూలిపోలేదు. ఈ డబ్బు తొలిరోజుల్లో అందుకున్న చిన్న కంపెనీల్లో తర్వాత పెద్దవైన క్వాల్‌కామ్, సిమాంటెక్ కూడా ఉన్నాయి.

పనిచేసే పద్ధతి సులువు. ఐదు వందల మందికి మించి పనివాళ్లు లేని కంపెనీ అర్హురాలు. శాఖలు తమకు ఫలానా సమస్యకు పరిష్కారం కావాలని ప్రకటిస్తాయి. మొదటి దశలో ఆలోచన పనిచేస్తుందా లేదా అని తేల్చుకోవటానికి ఆరునెలల కాలం, కొద్ది డబ్బు. మొదట్లో అది 50 వేల డాలర్లు, 2024 నాటికి దాదాపు 3 లక్షలు. అది నెగ్గినవాళ్లలో కొందరికి రెండో దశలో నమూనా తయారుచెయ్యటానికి రెండేళ్లు, దాదాపు 20 లక్షల డాలర్లు. మూడో దశలో ఈ నిధి నుంచి డబ్బు ఉండదు, అమ్ముకోవాలి, లేదా ఆ శాఖే కొనాలి. ప్రభుత్వం కంపెనీలో వాటా అడగదు. కనిపెట్టిన దాని మీద హక్కు కనిపెట్టినవాళ్లదే. ఇంకొక ముఖ్యమైన సంగతి. ఆ గ్రాంటులోంచి పరిశోధకుడు జీతం తీసుకోవచ్చు, కంపెనీకి కొద్దిపాటి లాభం కూడా లెక్కలో వేసుకోవచ్చు. అంటే ప్రయోగం జరిగినన్నాళ్లు ఇంట్లో పొయ్యి ఆరకుండా చూస్తారన్నమాట.

ఇక్కడ కొంచెం ఆగాలి. కొత్త టెక్నాలజీ అంటే నష్టభయం. పది ప్రయత్నాల్లో ఏ ఒకటో రెండో నిలబడతాయి. బ్యాంకు ఆ భయానికి అప్పివ్వదు, ఇచ్చినా తాకట్టు అడుగుతుంది. ప్రైవేటు పెట్టుబడిదారుడు నమూనా చూపించాకే వస్తాడు. ఆలోచనకూ నమూనాకూ మధ్య దారి ఎవరు దాటతారు? ఆస్తి ఉన్నవాడు దాటతాడు. ఆధిపత్య కులం కుర్రవాడు రెండేళ్లు జీతం లేకుండా ప్రయోగం చేస్తే వెనక పొలం కౌలు ఉంటుంది, తండ్రి పెన్షను ఉంటుంది, హైదరాబాదులో మేనమామ ఇల్లుంటుంది. ఫెయిలయితే ‘అనుభవం వచ్చింది’ అంటారు. మన కుర్రవాడు ఫెయిలయితే చెల్లెలి పెళ్లి ఆగిపోతుంది, ఊళ్లో అప్పు మిగిలిపోతుంది. కాబట్టి వాడు ప్రయోగం చెయ్యడు, ఉద్యోగం వెతుక్కుంటాడు. సాహసం గుణం కాదు, ఆస్తి నుంచి వచ్చేది. ప్రభుత్వ గ్రాంటు చేసే పనల్లా ఆస్తి లేనివాడికి ఆ సాహసాన్ని కొంతకాలం అరువివ్వటమే. అమెరికా ఇంధన శాఖ ఇచ్చిన ఈ గ్రాంట్ల మీద సబ్రీనా హోవెల్ 2017లో ప్రచురించిన అధ్యయనం కూడా ఇదే చూపించింది. మొదటి దశ చిన్న గ్రాంటు అందుకున్న కంపెనీకి తర్వాత ప్రైవేటు పెట్టుబడి దొరికే అవకాశం దాదాపు రెట్టింపయింది. ఫలితం ఎక్కువ కనిపించింది డబ్బుకు కటకటలాడే కంపెనీల్లోనే. రెండో దశ పెద్ద గ్రాంటు వల్ల అంత తేడా రాలేదు. అంటే ముందుగా ఇచ్చే చిన్న మొత్తమే ముఖ్యం, తర్వాత ఇచ్చే పెద్ద మొత్తం కాదు.

అయితే శాతం పెట్టినంత మాత్రాన అట్టడుగువాడికి చేరుతుందా? 1982 చట్టం నాలుగు లక్ష్యాలు రాసుకుంటే అందులో ఒకటి అల్పసంఖ్యాక వర్గాలను, వెనకబడినవాళ్లను కొత్త టెక్నాలజీ పనుల్లోకి తీసుకురావటం. నాలుగు దశాబ్దాలు గడిచినా నల్లజాతివాళ్ల కంపెనీలకు, హిస్పానిక్కుల కంపెనీలకు దక్కింది చాలా స్వల్పమని అక్కడి నేషనల్ అకాడమీలు జరిపిన సమీక్షలే చెప్పాయి. లెక్కల్లో ‘మైనారిటీ’ అనే గడి మరీ ఖాళీగా మాత్రం లేదు. ఎందుకంటే ఆ గడిలో ఆసియావాళ్లు కూడా ఉన్నారు.

ఆ గడిలోకి మన దేశంవాళ్లు ఎప్పుడు చేరారో చూడండి. సరిగ్గా ఆ 1982లోనే. అమెరికాలో స్థిరపడిన భారతీయుల సంఘం ఒకటి అర్జీ పెట్టుకోగా, అక్కడి చిన్న వ్యాపారాల ప్రభుత్వ సంస్థ భారత సంతతివాళ్లను ‘సామాజికంగా వెనకబడిన’ వర్గాల జాబితాలో చేర్చింది. ఆ తరంలో అమెరికా వెళ్లిన డాక్టర్లు, ఇంజనీర్లు ఎవరు? మనవాళ్లు ఎంతమంది? ఎక్కువమంది అగ్రవర్ణాలవాళ్లు, మన తెలుగు ప్రాంతాల నుంచైతే బ్రాహ్మణులతో పాటు భూమి ఉన్న కులాలవాళ్లు. వాళ్ల అన్నదమ్ములు ఇక్కడ 1990లో రిజర్వేషన్లు దేశాన్ని ముంచేస్తాయని రోడ్లెక్కారు. అక్కడ రంగు వివక్ష వాళ్లకు తగలలేదని నేననను, తగిలింది. కాని వెనకబాటుకు ప్రభుత్వం సాయం చెయ్యాలనే సూత్రం సముద్రం అవతల న్యాయమై, ఇవతల అన్యాయమెట్లా అయిందో వాళ్లే చెప్పాలి. ఫలానా వర్గంలో పుట్టారు కాబట్టి వెనకబడినవాళ్లేనని ముందే అనుకోవటం చెల్లదని 2023 జులైలో టెనెసీలోని ఒక ఫెడరల్ కోర్టు, ప్రభుత్వ కాంట్రాక్టులకు సంబంధించిన కార్యక్రమం విషయంలో తీర్పు చెప్పింది. అప్పటిదాకా నలభై ఏళ్లు ఆ తలుపు తెరిచే ఉన్నది.

ఇక మన దేశానికి వద్దాం. కేంద్ర బయోటెక్నాలజీ శాఖ 2005లో ఎస్.బి.ఐ.ఆర్.ఐ. అనే పథకం పెట్టింది. పేరు కూడా అమెరికా నుంచే తెచ్చుకున్నారు, చివర ‘ఇనిషియేటివ్’ అని ఒక ముక్క తగిలించారు. పేరు తెచ్చుకున్నారు గాని శాతం తెచ్చుకోలేదు. ప్రతి శాఖా ఇంత కోసి పెట్టాలన్న చట్టం ఇక్కడ లేదు. అసలు ప్రాణం వదిలేసి బొమ్మ తెచ్చుకున్నట్టయింది. 2012లో ఆ శాఖ కిందే బైరాక్ అనే సంస్థ వచ్చింది. అది ‘బిగ్’ అనే గ్రాంటు కింద ఒక్కో ఆలోచనకు 18 నెలలకు 50 లక్షల దాకా ఇస్తుంది. 2016లో సైన్స్ అండ్ టెక్నాలజీ శాఖ ‘నిధి’ పథకాలు తెచ్చింది. వాటిలో ‘ప్రయాస్’ కింద నమూనా తయారీకి 10 లక్షల దాకా గ్రాంటు. 2021లో 945 కోట్లతో స్టార్టప్ ఇండియా సీడ్ ఫండ్ వచ్చింది. ఆలోచన రుజువు చేసుకోవటానికి అందులో 20 లక్షల దాకా గ్రాంటు ఇస్తారు.

వీటన్నింటికీ ఒకటే గుమ్మం. దాని పేరు ఇంక్యుబేటరు. కొత్త కంపెనీని పొదిగే చోటు అని అర్థం. డబ్బు ఢిల్లీ నుంచి నేరుగా దరఖాస్తుదారుడికి రాదు. ఐ.ఐ.టి.లోనో, పెద్ద ఇంజనీరింగు కాలేజీలోనో, జీనోమ్ వ్యాలీలోని నాలెడ్జ్ పార్కు లాంటి చోటో ఉన్న ఇంక్యుబేటరు వాళ్లను ఎంపిక చేస్తుంది. ఎంపిక కమిటీలో ప్రొఫెసర్లు, పెట్టుబడిదారులు, పాత విద్యార్థులు కూర్చుంటారు. ముందు పది నిమిషాల ఉపన్యాసం, అది కూడా ఇంగ్లీషులో. ఆ గుమ్మం లోపల ఎవరున్నారో అంచనా వెయ్యటానికి ఒక లెక్క ఉన్నది. అదే సైన్స్ శాఖ యువ శాస్త్రవేత్తలకు ఇచ్చే ‘ఇన్‌స్పైర్ ఫ్యాకల్టీ’ ఫెలోషిప్పుల్లో 2016 నుంచి 2020 దాకా 80 శాతం అగ్రవర్ణాలకు పోయాయి. ఎస్సీలకు 6 శాతం, ఎస్టీలకు ఒక శాతం కంటే తక్కువ. జనాభాలో ఎస్సీలు 2011 లెక్కల ప్రకారం 16.6 శాతం. ఫెలోషిప్పు వేరు, కంపెనీ గ్రాంటు వేరు, నిజమే. కాని ఎంచే చేతులు, నడిచే వరండాలు అవే.

మరి ఎస్సీల పేరుతో ప్రభుత్వం ఏమీ చెయ్యలేదా అంటే, చాలా చేసింది. 2015లో ఎస్సీల వెంచర్ క్యాపిటల్ ఫండ్ పెట్టింది. 51 శాతం వాటా ఎస్సీలదైన కంపెనీలకు కోట్లలో సాయం, అయితే అప్పుగానో, వాటాగానో. 2016లో స్టాండప్ ఇండియా తెచ్చింది. పది లక్షల నుంచి కోటి దాకా, అది బ్యాంకు అప్పు. ప్రభుత్వ సంస్థల కొనుగోళ్లలో 4 శాతం ఎస్సీ ఎస్టీ చిన్న పరిశ్రమల దగ్గర కొనాలని 2012లో ఉత్తర్వు ఇచ్చింది. అసలు కొన్నది ఆ 4 శాతానికి చాలా దూరంలోనే ఉండిపోయింది. 2020లో అంబేడ్కర్ పేరు పెట్టి ఒక ఇన్నోవేషన్ మిషన్ మొదలుపెట్టింది. నాలుగేళ్లలో వెయ్యిమంది ఎస్సీ యువకులకు మూడేళ్ల పాటు తలా 30 లక్షలు అన్నది లక్ష్యం. కొత్త ఆలోచనలకు ఎస్సీల కోసమే ఇస్తామన్న డబ్బు ఇది. ఇందులోనైనా గ్రాంటు ఇచ్చారా? లేదు. ఇచ్చేది కంపెనీలో వాటా తీసుకుని. అర్హులను గుర్తించేది మళ్లీ ఆ ఇంక్యుబేటర్లే.

ఈ జాబితాను పై జాబితా పక్కన పెట్టి చూడండి. అందరికీ అన్న పేరుతో ఉన్న పథకాల్లో గ్రాంటు. మనకు ప్రత్యేకం అన్న పథకాల్లో అప్పు, వాటా. నష్టభయాన్ని మొయ్యగలిగినవాడి నష్టాన్ని ప్రభుత్వం మోస్తున్నది. మొయ్యలేనివాడి మీద పూచీకత్తు పెడుతున్నది. ఎవరో కూర్చుని కుట్ర పన్ని చేశారని కాదు. ‘వాళ్లకు లోన్లు చాలు, కనిపెట్టే పని వాళ్లది కాదు’ అన్న నమ్మకం పాలకవర్గం నరాల్లో ఉన్నది. దానికి కుట్ర అక్కర్లేదు.

సైన్స్ శాఖలో ఎస్సీ ఉపప్రణాళిక సొమ్ము లేకపోలేదు. అది ఎక్కువగా పోయేది విద్యాసంస్థలకు, స్వచ్ఛంద సంస్థలకు. వాళ్లు ఎస్సీ పేటల్లోకి టెక్నాలజీ ‘అందిస్తారు’. మనం అందుకునేవాళ్లం. కనిపెట్టేవాడి కుర్చీ అక్కడ కూడా మనది కాదు.

తెలంగాణ సంగతి ఇంకా తమాషా. 2014లో వచ్చిన టి-ప్రైడ్ పూర్తి పేరు చదివితే అందులో దళిత పారిశ్రామికుల ‘ఇంక్యుబేషన్’ అన్న మాట ఉంటుంది. లోపల ఉన్నది పెట్టుబడి సబ్సిడీ. యంత్రం కొంటే, బండి కొంటే ఇంత శాతం వెనక్కి ఇస్తారు. కనిపెట్టటానికి కాదు, ఇంకొకడు కనిపెట్టింది కొనుక్కోవటానికి. 2021 ఆగస్టులో హుజూరాబాదులో మొదలైన దళితబంధు వేరే రకం. కుటుంబానికి 10 లక్షలు, బ్యాంకు లేదు, తిరిగి కట్టటం లేదు. ఎన్నికల కోసం పెట్టారన్న విమర్శ, పేర్ల ఎంపికలో పార్టీ నాయకుల పెత్తనం గురించిన విమర్శ అందరికీ తెలిసినవే, వాటిలో నిజమున్నది. 2023 చివర్లో ప్రభుత్వం మారాక అది ముందుకు సాగలేదు. నేను చెప్పదలచుకున్నది వేరు. దళితబంధులో ఇచ్చింది పది లక్షలు. ‘ప్రయాస్’ కింద ఒక ఇంజనీరుకు నమూనా తయారీకి ఇచ్చేదీ పది లక్షల దాకానే. రెండూ ప్రజల సొమ్మే, రెండూ తిరిగి రానివే. మొదటి దాన్ని పత్రికలు ‘ఉచితం’ అన్నాయి, పన్నుకట్టేవాడి సొమ్ము దుబారా అన్నాయి. రెండో దాన్ని నవకల్పనకు ప్రోత్సాహం అంటాయి. మొదటి దాంట్లో ట్రాక్టరు తిరగకపోతే ‘వీళ్లకిస్తే ఇంతే’ అన్నారు. రెండో దాంట్లో నమూనా పనిచెయ్యకపోతే ‘పరిశోధనలో ఓటమి సహజం’ అంటారు. ఓడిపోయే హక్కు కూడా కులాన్ని బట్టే వస్తున్నది.

‘మీవాళ్లలో టెక్నాలజీ ఎక్కడున్నది గనక’ అని అడుగుతారు. తోలు సంగతి తీసుకోండి. పచ్చితోలును సున్నంలో నానబెట్టి, వెంట్రుక ఊడదీసి, కండ గీకి, లందలో తంగేడు చెక్క, కరక్కాయ రసాల్లో ఊరబెట్టి కుళ్లని వస్తువుగా మార్చటం రసాయన శాస్త్రం కాక ఏమిటి? ఏ కాలంలో ఎన్ని రోజులు ఊరాలి, చెక్క పాలు ఎంత, నీళ్ల గుణం ఏమిటి అని తరాల తరబడి పరీక్షించి తేల్చినవాళ్లు మాదిగలు. వాళ్లను శాస్త్రజ్ఞులని కంచ ఐలయ్య అన్నది ఊరికే కాదు. 1948లో మద్రాసులో కేంద్ర తోలు పరిశోధన సంస్థ వెలిసింది. అక్కడ మంచి పని జరిగింది, కాదనను. కాని లంద దగ్గర ఉన్న జ్ఞానం ప్రయోగశాలకు వెళ్లింది, ప్రయోగశాల డబ్బు లంద దగ్గరకు రాలేదు. 1970లలో అరకొర శుద్ధి చేసిన తోళ్ల ఎగుమతిని కట్టడి చేశాక క్రోమ్ పద్ధతి ఊపందుకుంది. దానికి డ్రమ్ములు, యంత్రాలు, పెట్టుబడి కావాలి. తోలు వ్యాపారం పెట్టుబడి ఉన్నవాళ్ల చేతికి పోయింది. క్రోమ్ కాలుష్యం మీద వెల్లూరు కేసులో సుప్రీంకోర్టు 1996లో తీర్పిచ్చాక, ఇప్పుడు ప్రపంచమంతా మళ్లీ చెట్ల చెక్కలతో ఊరబెట్టే పద్ధతుల వైపు చూస్తున్నది.

ఈ పరిస్థితిలో పాలిటెక్నిక్ చదివిన ఒక మాదిగ యువకుడు తంగేడు చెక్కతో తక్కువ నీళ్లలో, తక్కువ రోజుల్లో తోలు ఊరబెట్టే పద్ధతి ప్రయత్నిద్దామనుకున్నాడనుకుందాం. అతనికి కావలసింది ఏమిటి? ఒక చిన్న డ్రమ్ము అద్దెకు. కొన్ని తోళ్లు. బయటికి పోయే నీళ్లను ప్రయోగశాలలో పరీక్ష చేయించటానికి ఫీజు. ఆరునెలలు ఇల్లు గడవటానికి నెలకు ఇంత. ఇది అచ్చంగా అమెరికా చట్టంలోని మొదటి దశ. స్టాండప్ ఇండియా లాంటి అప్పు కోసం బ్యాంకుకు పోతే మేనేజరు అడిగేది ప్రాజెక్టు రిపోర్టు, ఆర్డర్లు, ఎన్నేళ్లలో తిరిగి కడతావు అని. జవాబు లేదు, ఎందుకంటే పద్ధతి పనిచేస్తుందో లేదో తెలుసుకోవటమే అతని పని. వెంచర్ ఫండుకు పోతే కంపెనీ లెక్కలు చూపించమంటారు. ఇంక్యుబేటరుకు పోతే, ముందు అది ఎక్కడున్నదో తెలియాలి. ఆ యువకుడు చివరికి లెదర్ పార్కు భూమి కోసం అర్జీ పెట్టి కూర్చుంటాడు, లేదా హైదరాబాదులో డెలివరీ బండెక్కుతాడు.

2025 జులైలో కేంద్ర మంత్రివర్గం లక్ష కోట్ల రూపాయలతో పరిశోధన, నవకల్పన నిధిని ఆమోదించింది. తక్కువ వడ్డీకి దీర్ఘకాలపు అప్పు, వాటా రూపాల్లో ప్రైవేటు రంగానికి ఇస్తారు. టెక్నాలజీ కొంత దూరం నడిచాక, అంటే ప్రయోగశాల రుజువు దాటాకే అందులో ప్రవేశం. హోవెల్ అధ్యయనం ఏ మొదటి మెట్టు ముఖ్యమని చూపించిందో, ఈ లక్ష కోట్లు ఆ మెట్టు పైనుంచి మొదలవుతాయి. మొదటి మెట్టు ఎక్కలేనివాడికి పై మేడ ఎంత పెద్దదైతే ఏం?

కాబట్టి అడగవలసింది కొత్త లోన్ మేళా కాదు. పరిశోధనకు ఖర్చుపెట్టే ప్రతి కేంద్ర, రాష్ట్ర శాఖా చిన్న సంస్థలకు ఇంత శాతం గ్రాంటు ఇవ్వాలన్న చట్టం కావాలి. అందులో జనాభా దామాషాలో ఎస్సీ ఎస్టీల వాటా ఆ చట్టంలోనే ఉండాలి. విడిగా పెడితే మళ్లీ అప్పుగా మారుతుంది. మొదటి దశ గ్రాంటులో దరఖాస్తుదారుడి జీవనభృతి కలిసి ఉండాలి. దరఖాస్తు తెలుగులో తీసుకోవాలి. ఐ.టి.ఐ.లు, పాలిటెక్నిక్‌లు, జిల్లా యూనివర్సిటీలు కూడా ఎంపిక కేంద్రాలు కావాలి. 2013లో ఉమ్మడి రాష్ట్రంలో ఉపప్రణాళికకు చట్టం సాధించుకున్న ఉద్యమానికి ఈ భాష కొత్త కాదు.

దానికి ముందు లెక్క కావాలి. అమెరికాలో ఈ గ్రాంటు అందుకున్న ప్రతి కంపెనీ పేరు, మొత్తం, వెనకబడిన వర్గాలదా కాదా అన్న వివరం జనం చూడగలిగే జాబితాలో పెట్టారు. నల్లజాతివాళ్లకు దక్కలేదని అక్కడ రుజువు చెయ్యగలిగింది అందుకే. ఇక్కడ స్టార్టప్పుల్లో మహిళా డైరెక్టర్లు ఉన్నవి ఎన్నో పార్లమెంటులో చెప్తారు, కులం మాట ఎత్తరు. 2005 ఆర్థిక గణనను బట్టి దేశంలోని వ్యాపార సంస్థల్లో ఎస్సీల చేతిలో ఉన్నవి 9.8 శాతమని తెలిసింది, అదీ ఎక్కువగా ఒంటరిగా నడిపే చిన్న దుకాణాలతో కలిపి. పరిశోధన గ్రాంట్లలో ఎంతో తేలాలంటే మనమే అడగాలి. సమాచార హక్కు చట్టం కింద మన రెండు రాష్ట్రాల్లో ప్రభుత్వ డబ్బుతో నడిచే ప్రతి ఇంక్యుబేటరుకూ అర్జీ పెట్టవచ్చు. మొదలైనప్పట్నించి ‘బిగ్’, ‘ప్రయాస్’, సీడ్ ఫండ్ కింద ఎన్ని దరఖాస్తులు వచ్చాయి, అందులో ఎస్సీ ఎస్టీలవి ఎన్ని, ఎన్నిటికి డబ్బిచ్చారు, ఎంత, ఎంపిక కమిటీలో ఎస్సీ ఎస్టీ సభ్యులు ఎందరు. కులం వివరం సేకరించటం లేదని జవాబొస్తే ఆ జవాబును కూడా భద్రంగా దాచిపెట్టాలి. పక్కనే ఉన్న ఎస్సీ కార్పొరేషన్ ఆఫీసులో అప్పు అడిగేవాడి దగ్గర కుల సర్టిఫికెట్ తీసుకోకుండా ఒక్క కాగితమూ కదలదు.